జన్యువుల చిట్టా రాసేవాళ్లకు జీతమెవరిస్తారు?

బాపట్లలో పుట్టిన ఒక వరి వంగడాన్ని దేశం నాలుగు దశాబ్దాలుగా తింటోంది. బీపీటీ 5204 అంటే రైతులు గుర్తుపడతారు, సాంబ మసూరి అంటే అందరూ గుర్తుపడతారు. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల సంకరంగా తయారై 1986లో విడుదలైంది. 2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణ చేసిన రెండు వరి వంగడాలను ప్రకటించారు. రెండింటి మూలాలూ మన డెల్టాల్లోనే ఉన్నాయి. ఒకటి పూసా డీఎస్‌టీ రైస్ 1. అది మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాల నుంచి వచ్చింది. రెండోదాని పేరు డీఆర్‌ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబ మసూరి నుంచే తయారుచేసింది.

అప్పుడు క్రిస్పర్ గురించి, జన్యువుల్ని కత్తిరించే ఆ పద్ధతి గురించి పత్రికల్లో చాలానే వచ్చింది. ఆ కత్తెర ఎక్కడ పెట్టాలో శాస్త్రవేత్తలకు ఎలా తెలిసిందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పలేదు. వరిలో జన్యువులు 40 వేలకు అటూఇటూ ఉంటాయి. అందులో ఒకే ఒక్కదాన్ని పట్టుకుని, దాన్ని తగ్గిస్తే గింజలు పెరుగుతాయని ముందే తెలిసి ఉండాలి. అది తెలిపే చిట్టా ఎక్కడో ఉండాలి. ఆ చిట్టాను ఎవరో రాసి, తప్పులు దిద్ది, ఏటికేడు కొత్త సంగతులు చేర్చుతూ ఉండాలి. ఈ పని చేసేవాళ్లను క్యురేటర్లంటారు, పనిని క్యురేషన్ అంటారు. ప్రపంచవ్యాప్తంగా ఈ పనికి నిలకడగా డబ్బు దొరకడం లేదు. కృష్ణా డెల్టా పంటలకూ చెరువులకూ దీనితో ఉన్న సంబంధం చాలా దగ్గరిది. అందుకే ఈ వ్యాసం.

కమలలో సవరించిన జన్యువునే తీసుకుందాం. జపాన్ శాస్త్రవేత్తలు 2005లో హబటాకి, కోషిహికారి అనే రెండు వరి రకాలను పోల్చి చూశారు. హబటాకి కంకికి గింజలెక్కువ. ఆ తేడాకు కారణమయ్యే చోటును మొదటి క్రోమోజోములో గుర్తించి జీఎన్1ఏ అన్నారు. ఆ చోట ఉన్నది సైటోకైనిన్ అనే హార్మోనును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే జన్యువు. ఎంజైము తగ్గితే హార్మోను కంకి మొగ్గలో పోగుపడుతుంది, గింజలు ఎక్కువగా పుడతాయి. ఎంజైముల కుటుంబాన్ని బట్టి పేర్లు పెట్టేవాళ్లు ఇదే జన్యువును ఓఎస్‌సీకేఎక్స్2 అంటారు. జపాన్ వాళ్ల వరి డేటాబేసులో దీని నంబరు ఓఎస్01జి0197700. అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన జాబితాలో దీన్నే ఎల్‌ఓసీ_ఓఎస్01జి10110 అని రాశారు. ఒక్క జన్యువు, నాలుగు పేర్లు. ఒక పరిశోధకుడు ఒక పేరుతో వెతికితే మిగతా పేర్లతో వచ్చిన పత్రాలు అతనికి కనిపించవు. నాలుగూ ఒకటేనని తేల్చి ఒకే పేజీ మీదికి తేవాలంటే, ఎవరో ఒకరు ఆ పత్రాలన్నీ చదవాలి. పంటల మీద పనిచేసే విద్యార్థులు ఇలాంటి పేజీని రోజూ తెరుస్తారు, దాన్ని రాసింది ఎవరో ఆలోచించరు. ఆలోచించకుండానే పని జరిగిపోతోందంటే అది క్యురేటర్ నైపుణ్యం.

వరి విషయంలో ఇంకో చిక్కుంది, అది నేరుగా మన వరదలకు సంబంధించినది. 2005లో పది దేశాలు, ప్రాంతాలు కలిసి వరి జన్యుపటాన్ని పూర్తిచేశాయి. 11వ క్రోమోజోములో కొంత భాగం భారత శాస్త్రవేత్తలు చదివారు. ఆ పటం గీసింది నిప్పన్‌బరే అనే జపాన్ రకం మీద. నీట మునిగినా చావకుండా మొక్కను రెండు వారాల దాకా నిలబెట్టే సబ్1ఏ జన్యువు ఆ రకంలో లేనే లేదు. అది దొరికింది ఒడిశా మూలాలున్న ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకంలో. 2006లో దాన్ని గుర్తించారు. మారుటేరు స్వర్ణలోకి, అంటే ఎంటీయూ 7029లోకి, సంకరం చేసి ఎక్కించిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఎండాకు తెగులును తట్టుకునే ఎక్స్‌ఏ21 జన్యువు కథా అలాంటిదే. అది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి మరో రెండు జన్యువులతో పాటు దాన్ని సాంబ మసూరిలోకి తెచ్చాయి. అంటే, మనకు కావలసిన జన్యువులు ప్రపంచం ప్రమాణంగా పెట్టుకున్న పటంలో లేకపోవచ్చు. ఏ రకంలో ఏది ఉంది, ఏది లేదు, ఎవరు ఏ పొలంలో పరీక్షించి చెప్పారు అన్న వివరం పక్కన రాసి ఉండకపోతే, పటం చూసినవాడు ‘వరిలో ఇది లేదు’ అని ముందుకు వెళ్లిపోతాడు.

ఇక్కడ పాఠకులు ఒక తేడా గమనించాలి. జీవశాస్త్రంలో డేటా దాచే చోట్లు రెండు రకాలు. మొదటి రకం భోషాణం. 1982లో మొదలైన అమెరికా జెన్‌బ్యాంక్, దానితో రోజూ డేటా పంచుకునే ఐరోపా, జపాన్ బ్యాంకులు ఈ కోవలోవి. ఎవరు ఏ డీఎన్‌ఏ చదివినా అక్కడ జమచేస్తారు. జమచేసినవాళ్లదే ఆ రికార్డు. అందులో తప్పుందని పక్కవాడికి తెలిసినా దిద్దే హక్కు అతనికి లేదు, ఇచ్చినవాళ్లే దిద్దాలి. వాళ్లు ఉద్యోగం మారిపోతే తప్పు తప్పుగానే ఉండిపోతుంది. రెండో రకం దిద్దిన చిట్టా. ప్రొటీన్ల మీద స్విస్‌ప్రాట్ అలాంటిది. జెనీవాలో అమోస్ బైరోక్ 1986లో మొదలుపెట్టాడు. పత్రాలు చదివి, సరిచూసి, మనుషులు రాసిన రికార్డులు అందులో 5.7 లక్షల దాకా ఉన్నాయి. యంత్రం తనంతట తాను రాసిన ప్రొటీన్ రికార్డులు 2023 నాటికే 20 కోట్లు దాటాయి. మనిషి చేయి పడినవి సముద్రంలో చెంబెడు, అయినా ఆ యంత్రం నేర్చుకునేది ఆ చెంబెడు చూసే.

భోషాణంలో తప్పుంటే ఏమవుతుందో మన రొయ్యల చెరువుల్లో కళ్లారా చూడొచ్చు.

దేశంలో వనామి రొయ్య ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. 2009లో ఆ రకానికి అనుమతి వచ్చింది. అంతకుముందు టైగర్ రొయ్యను తెల్లమచ్చ వైరస్ 1990ల మధ్యలో ఊడ్చిపెట్టిన సంగతి కృతివెన్ను, బంటుమిల్లి, నాగాయలంక వైపు పెద్దవాళ్లెవరినడిగినా చెబుతారు. ఇప్పుడు రైతు నోట ఎక్కువ వినిపించే పేరు ఈహెచ్‌పీ అనే పరాన్నజీవిది. రొయ్య చావదు, ఎదగదు. మేత తింటుంది, కౌంట్ దిగదు. ఖర్చు పెరుగుతుంది, పట్టుబడి నాటికి చిన్న రొయ్యే మిగులుతుంది. ఈ పరాన్నజీవిని థాయిలాండ్‌లో 2009లో వర్ణించారు. మన దేశంలో ఇది వ్యాపించిందని చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక సంస్థ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించారు.

హేచరీ నుంచి పిల్ల తెచ్చేముందు రైతు పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. ఆ పరీక్ష పనిచేసే తీరు ఇది: పరాన్నజీవి డీఎన్‌ఏలో ఇరవై అక్షరాల చొప్పున రెండు చిన్న ముక్కలను ఎంచుకుంటారు. వాటిని ప్రైమర్లంటారు. నమూనాలో ఆ అక్షరాలున్నాయా అని యంత్రం వెతుకుతుంది. ఆ ఇరవై అక్షరాలు ఆ జీవికే ప్రత్యేకం అని ఎలా తెలుసు? భోషాణంలో ఉన్న అన్ని డీఎన్‌ఏలతో పోల్చి చూస్తారు. ఇంకెవరిదీ కాదని అక్కడ తేలితే సరే అంటారు. ఈహెచ్‌పీకి మొదట్లో వాడిన పరీక్ష రైబోజోమ్ జన్యువు మీద ఆధారపడింది. 2016లో థాయ్ శాస్త్రవేత్తలే దాన్ని తిరిగి చూసి, అది చెరువుల్లో ఉండే దగ్గరి బంధువులైన వేరే మైక్రోస్పోరిడియాలను కూడా పట్టేస్తోందని, దాంతో లేని జబ్బు ఉన్నట్టు చూపించవచ్చని తేల్చారు. ఈహెచ్‌పీ సిద్ధబీజాల గోడలోని ప్రొటీన్ జన్యువు మీద కొత్త పరీక్ష తయారుచేశారు. బ్యాంకులో ఆ బంధువుల డీఎన్‌ఏ సరైన పేర్లతో, ఎక్కడ ఏ జీవిలో దొరికిందో తెలిపే వివరాలతో నిండుగా ఉంటే ఇలాంటి పొరపాట్లు ముందే దొరుకుతాయి. లేని జబ్బుకు పాజిటివ్ వచ్చిన కాగితం పట్టుకుని, బాగున్న పిల్లను పారబోయాలో వదలాలో తెలియక నిలబడ్డ రైతుకు ఈ డేటాబేసుల సంగతి తెలియదు. నష్టం మాత్రం అతనిదే.

వనామి పేరు కూడా ఇలాగే ఇబ్బంది పెట్టింది. 1997లో వర్గీకరణ శాస్త్రజ్ఞులు దాన్ని పీనియస్ ప్రజాతి నుంచి విడదీసి లిటోపీనియస్ అన్నారు. తర్వాత మళ్లీ పీనియస్ దగ్గరికే తెచ్చారు. మధ్యలో వచ్చిన వేల పత్రాల్లో రెండు పేర్లూ ఉన్నాయి. జెన్‌బ్యాంక్ వర్గీకరణలో ఈ రొయ్య నంబరు 6689. పేరు మారింది, నంబరు మారలేదు. పాత పేరుతో అడిగినా కొత్త పేరుతో అడిగినా అదే రొయ్య వస్తుంది. ఈ ఒక్క సౌకర్యం వెనక జీవుల పేర్ల మీదే బతుకంతా గడిపే ఒక చిన్న బృందం ఉంది.

మన ఊళ్ల పేర్ల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. 2023 నుంచి ఈ బ్యాంకులు కొత్త నమూనాలకు సేకరించిన తేదీ, స్థలం తప్పనిసరి చేశాయి. మంచిదే. స్థలం అన్న గడిలో ‘ఇండియా: ఆంధ్రప్రదేశ్, కృష్ణా’ అని ఉంటే ఏమనుకోవాలి? 2022 ఏప్రిల్ 4కి ముందైతే అందులో విజయవాడ ఉంది, కైకలూరు ఉంది, కొల్లేటి ఒడ్డు చెరువులున్నాయి. ఆ తేదీ నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో, కైకలూరు ఏలూరు జిల్లాలో. బాపట్ల అప్పటిదాకా గుంటూరు జిల్లా, ఆ రోజు నుంచి సొంత జిల్లా. 2014 జూన్ 2కి ముందు ‘ఆంధ్రప్రదేశ్’ అని మాత్రమే రాసిన నమూనా హైదరాబాద్ దగ్గర మూసీ ఒడ్డుదీ కావచ్చు, దివిసీమదీ కావచ్చు. బ్రిటిష్ కాలపు మొక్కల నమూనాల చీటీల మీద ‘కిస్నా’ అని ఉంటుంది. 1904లో గుంటూరు జిల్లా వేరుపడక ముందు ఆ పేరు కింద ఇప్పటి గుంటూరు ప్రాంతం కూడా వచ్చేది. ఉప్పునీటి చెరువు రొయ్యకూ మంచినీటి చెరువు రొయ్యకూ జబ్బులు ఒకలా ఉండవు. కైకలూరుకూ నాగాయలంకకూ మధ్య నీటి ఉప్పదనంలో ఎంత తేడా ఉంటుందో ఆక్వా రైతునెవరినడిగినా చెబుతాడు. జిల్లా పేరు ఒక్కటే ఉన్న రికార్డు ఆ తేడాను మింగేస్తుంది. దీన్ని సరిచేయడానికి కంప్యూటర్ శాస్త్రం పెద్దగా అక్కర్లేదు. తెలుగు చదవగలిగి, ఈ నేల తెలిసి, కొంచెం జీవశాస్త్రం వచ్చిన మనిషి కావాలి. ఫరీదాబాద్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో కూర్చున్న క్యురేటర్ ఎంత సమర్థుడైనా ఈ పని చేయలేడు. ఇది మనమే చేయాలి.

అయితే ఎందుకు చేయడం లేదు? డబ్బు సంగతికి ముందు మనుషుల సంగతి చెప్పుకోవాలి.

కలిసి పనిచేయడం చేతకాని జాతి కాదు మనది. వరి పరీక్షల కోసం 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ పథకం హైదరాబాద్ కేంద్రంగా ఇప్పటికీ నడుస్తోంది. బాపట్ల, మారుటేరు సహా దేశమంతటా ఉన్న కేంద్రాల్లో ఒకే రకం విత్తనాలను ఒకే పద్ధతిలో వేసి ఫలితాలు పంచుకుంటారు. తెగులు తీవ్రతను సున్నా నుంచి తొమ్మిది దాకా ఒకే కొలమానంతో రాస్తారు. ఫీల్డు బుక్కులో ‘ఎండాకు తెగులు 5’ అని ఉంటే మారుటేరులోనూ బాపట్లలోనూ ఒకటే అర్థం. ఇంత చక్కటి క్రమశిక్షణతో పోగైన సమాచారం ఏటా నివేదికల్లో అచ్చవుతుంది. ఆ అంకెను ఫలానా జన్యువుతో, ఫలానా బ్యాక్టీరియా జాతితో, ఆ వారం వానతో ముడిపెట్టి కంప్యూటర్ చదవగలిగేలా కూర్చడం మరో పని. ఆ పని ఎవరి ఉద్యోగ వివరణలోనూ లేదు. దాన్ని చేసినందుకు పదోన్నతి రాదు. కొత్త వంగడం విడుదల చేస్తే పేరొస్తుంది, పత్రం ప్రచురిస్తే పాయింట్లొస్తాయి. పక్కవాడి పత్రంలో తప్పు దిద్దినందుకు ఏమీ రాదు, పైగా పక్కవాడికి కోపం వస్తుంది.

ఆక్వాలో ఇంకో అడ్డంకి భయం. మా చెరువులో జబ్బుందని తెలిస్తే కొనేవాడు ధర తగ్గిస్తాడని రైతు, మా పిల్లలో దొరికిందంటే వ్యాపారం పోతుందని హేచరీ, ఫలితాలు బయటపెడితే గిరాకీ పక్క ల్యాబుకు పోతుందని ల్యాబు. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. అందుకే చిరునామాలు దాచి, ప్రాంతం, తేదీ, నీటి ఉప్పదనం, ఫలితం మాత్రమే పంచుకునే నమ్మకమైన ఏర్పాటు కావాలి. దాన్ని నడిపేది అమ్మేవాడూ కొనేవాడూ కాకూడదు. విశ్వవిద్యాలయమో ప్రభుత్వ పరిశోధన సంస్థో అయితేనే జనం నమ్ముతారు.

విశ్వవిద్యాలయం పేరెత్తితే డబ్బు దగ్గరికే వస్తాం. మన దగ్గర చాలా డేటాబేసులు మూడేళ్ల ప్రాజెక్టులతో పుడతాయి. ఒక ప్రొఫెసర్, ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఒక సర్వరు. మూడో ఏట చివర్లో పత్రం అచ్చవుతుంది, వెబ్‌సైటు చిరునామా అందులో ఉంటుంది. విద్యార్థులు ఉద్యోగాలకు వెళ్లిపోతారు. నాలుగో ఏట సర్వరు చెడిపోతే బాగుచేయించడానికి ఏ ఖాతాలోనూ పైసా ఉండదు. పెద్ద పనులకూ ఈ గతి తప్పలేదు. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మేటిక్స్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ కలిసి 2003లో మానవ ప్రొటీన్ల చిట్టాను ప్రపంచం ముందు పెట్టాయి. మన దేశపు యువ జీవశాస్త్రజ్ఞులు వేల పత్రాలను వరసబెట్టి చదివి, ఏ ప్రొటీన్ ఏ ప్రొటీన్‌తో కలుస్తుందో చేత్తో రాసిన గొప్ప పని అది. ప్రపంచమంతా వాడింది. 2010లో తొమ్మిదో విడుదల వచ్చింది, తర్వాత పదోది రాలేదు.

ధనిక దేశాల్లోనూ అంతే. స్విస్‌ప్రాట్ 1996లో నిధులాగి మూతపడబోయింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు మొరపెట్టుకుంటే నిలబడింది, ఆ గొడవ నుంచే 1998లో స్విస్ బయోఇన్ఫర్మేటిక్స్ సంస్థ పుట్టింది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఆవజాతి చిన్నమొక్క అరబిడాప్సిస్ డేటాబేసు టెయిర్‌కు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులు ఆపేసింది. 2013 నుంచి అది చందాల మీద నడుస్తోంది. పండ్ల ఈగ జన్యువుల చిట్టా ఫ్లైబేస్ 2025లో హార్వర్డ్‌కు అమెరికా ప్రభుత్వ గ్రాంట్లు ఆగిపోయినప్పుడు, వాడుకునే ల్యాబులనే విరాళాలడగాల్సి వచ్చింది. చందా పద్ధతి టెయిర్‌ను బతికించింది నిజమే, కానీ చందా కట్టలేని చిన్న కాలేజీల విద్యార్థి గుమ్మం బయటే ఉంటాడు. మచిలీపట్నంలోనో గుడివాడలోనో చదివే పిల్లకు హార్వర్డ్ పిల్లకున్న రికార్డే కనిపించాలని నా అభిప్రాయం. ఈ చిట్టాలు అందరికీ ఉచితంగా ఉండాలి, ఖర్చు ప్రభుత్వాలు భరించాలి.

డెల్టా వాసులకు ఈ సమస్య కొత్తదేమీ కాదు. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్టినప్పుడు శిలాఫలకం వేస్తారు. ఆ నీళ్లు చివరి భూములకు చేరేది మాత్రం ఏటా వేసవిలో పూడిక తీస్తేనే, లాకుల దగ్గర లస్కరు ఉంటేనే. పూడికతీతకు శిలాఫలకం ఉండదు, లస్కరు పోస్టు ఖాళీ అయితే పత్రికలో వార్త కాదు. కాలువ చివర రైతుకు నీరందనప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తుంది. జీవశాస్త్రంలో సర్వర్లు కొనడానికి డబ్బు దొరుకుతోంది, లస్కర్లను పెట్టడానికి దొరకడం లేదు.

మన దేశం 2021లో జీవ డేటా పంచుకోవడానికి మార్గదర్శకాలు ప్రకటించింది. 2022 నవంబర్ 10న ఫరీదాబాద్‌లో భారత జీవ డేటా కేంద్రం ప్రారంభమైంది. నాలుగు పెటాబైట్ల నిల్వ సామర్థ్యం ఉంది, భువనేశ్వర్‌లో దానికి రక్షణ నకలు ఉంది. 2024 మార్చిలో అంతర్జాతీయ క్యురేటర్ల సదస్సు అక్కడే జరిగింది. ఇది నిజంగా మంచి అడుగు. ప్రజాధనంతో చదివిన డీఎన్‌ఏ దేశంలోనే భద్రంగా ఉండాలన్న ఆలోచన సరైనది. నిల్వ చేయడంతో ఆగకూడదు. పెటాబైట్లు పెరిగే కొద్దీ వాటిని చదివి దిద్దే శాశ్వత ఉద్యోగులు పెరగాలి. ఒప్పందం ముగిస్తే వెళ్లిపోయే ప్రాజెక్టు ఉద్యోగితో ఈ పని సాగదు, ఎందుకంటే ఒక జీవి సాహిత్యం మీద పట్టు రావడానికే రెండు మూడేళ్లు పడుతుంది.

‘కృత్రిమ మేధ వచ్చేసిందిగా, అదే చదివి రాసేస్తుంది’ అనేవాళ్లున్నారు. వాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ప్రొటీన్ల ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. అది పాఠాలు నేర్చుకున్నది ప్రొటీన్ డేటా బ్యాంక్ దగ్గర. ఆ బ్యాంకు 1971లో ఏడు ఆకృతులతో మొదలైంది. యాభై ఏళ్లపాటు మనుషులు ప్రతి ఆకృతినీ సరిచూసి చేర్చుకుంటూ వస్తే లక్షన్నర దాటాయి. ఆ దిద్దుబాటు లేకపోతే ఆల్ఫాఫోల్డ్ లేదు. తప్పుల తడక చదివిన యంత్రం తప్పుల్ని మరింత ధీమాగా చెబుతుంది.

ఇంతకీ ఈ పనికి ఎంత ఖర్చవుతుంది? అమెరికాలో ఈ.కోలై బ్యాక్టీరియా డేటాబేసు నడిపే పీటర్ కార్ప్ 2016లో లెక్కగట్టాడు. ఒక పరిశోధన పత్రాన్ని చదివి చిట్టాలోకి ఎక్కించడానికి 219 డాలర్లు. ఆ పత్రం వెనకున్న పరిశోధన మొత్తానికైన ఖర్చులో ఇది 0.088 శాతం. అంటే పరిశోధనకు లక్ష రూపాయలు పెడితే, దాని ఫలితం అందరికీ దొరికేలా రాసిపెట్టడానికి 88 రూపాయలు. అదే ఏడాది ఐరోపా బయోఇన్ఫర్మేటిక్స్ సంస్థ మీద జరిగిన అధ్యయనం, దాన్ని నడపడానికయ్యే ఖర్చుకు 20 రెట్లకు మించి ప్రయోజనం వాడుకునేవాళ్లకు దక్కుతోందని తేల్చింది.

శాశ్వత నిధి ఏర్పాటు అసాధ్యం కాదని విత్తన బ్యాంకులు చూపించాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దగ్గర లక్షా ముప్పై వేలకు పైగా వరి నమూనాలున్నాయి. వాటి సంరక్షణకు ఏటా 14 లక్షల డాలర్లు శాశ్వతంగా ఇచ్చేలా 2018లో క్రాప్ ట్రస్ట్ ఒప్పందం చేసుకుంది. మూలధనం కదపకుండా దాని మీద వచ్చే ఆదాయంతో ఇది నడుస్తుంది. విత్తనానికి చేసిన ఏర్పాటు విత్తనం గురించిన సమాచారానికీ చేయాలి. ఇంకో దారి కూడా తెరుచుకుంది. జీవుల జన్యు సమాచారం వాడుకుని లాభం పొందే పెద్ద కంపెనీలు లాభంలో ఒక శాతమో అమ్మకాల్లో 0.1 శాతమో ఇచ్చేలా 2024లో కొలంబియాలోని కాలిలో జీవవైవిధ్య ఒప్పందంలోని దేశాలు తీర్మానించాయి. ఆ డబ్బు చేరాల్సిన కాలి నిధి 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో మొదలైంది. ఇవ్వడం ఇప్పటికి కంపెనీల ఇష్టానికే వదిలేశారు. అందులో డబ్బు చేరితే, డేటా పుట్టిన ప్రాంతాల్లో క్యురేషన్‌కు వాటా కావాలని మన రాష్ట్రం ఇప్పుడే అడగాలి.

జీవవైవిధ్య చట్టం కింద మన పంచాయతీల్లో రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లను కూడా ఈ క్యురేషన్ పనిలో కలపాలి. 2020 జనవరి 31లోగా పూర్తిచేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది, గడువు దాటితే నెలకు పది లక్షల రూపాయలు కట్టాలని హెచ్చరించింది. గడువు కోసం రాసిన పుస్తకం గడువుతోనే మూతపడకూడదు. ఊరి చేపల పేర్లు, మొక్కల పేర్లు తెలుగులో ఉన్న ఆ రిజిస్టరును శాస్త్రీయ నామాలతో సరిచూసి ఏటా తిరగరాస్తే, దానికి మించిన స్థానిక చిట్టా లేదు.

ఈ పనులకు మనుషుల కొరత లేదు. విజయవాడ, గుంటూరు, మచిలీపట్నం కాలేజీల నుంచి ఏటా బయోటెక్నాలజీ, జంతుశాస్త్రం, ఆక్వాకల్చర్ చదివిన పిల్లలు బయటికొస్తున్నారు. చదివినదానికి తగిన పని దొరక్క వేరే ఉద్యోగాలకు మళ్లుతున్నవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం డిగ్రీ విద్యార్థుల మధ్య క్యురేషన్ పోటీలు పెట్టి, వాళ్లు రాసిన వివరాలను నిపుణులు సరిచూశాక అసలు డేటాబేసుల్లోనే చేర్పించింది. ఈస్ట్ జాతి ఒకదాని మీద పనిచేసే పోంబేస్‌లో పత్రం రాసిన శాస్త్రవేత్తలే తమ ఫలితాలను చిట్టాలోకి ఎక్కిస్తారు, క్యురేటరు చివరి చూపు చూస్తాడు. రెండు పద్ధతులూ మనం రేపటి నుంచే మొదలుపెట్టదగినవి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఒక్కో విద్యార్థి మన డెల్టా నుంచి వచ్చిన పది రికార్డుల స్థలం, తేదీ, పేరు సరిచూసి, తప్పుంటే జమచేసినవాళ్లకు రాసి దిద్దించినా, ఒక్క బ్యాచ్‌తో వందల రికార్డులు శుభ్రపడతాయి. చేసినవాళ్ల పేరు ఆ రికార్డు పక్కన ఉండాలి, దానికి విశ్వవిద్యాలయం మార్కులివ్వాలి.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో పరిశోధకులుంటే ఒక విన్నపం. మీ తర్వాతి ప్రాజెక్టు ప్రతిపాదనలో పరికరాలు, రసాయనాలు, ప్రయాణాలు అన్న పద్దుల కింద ‘డేటా క్యురేషన్’ అని ఒక పద్దు చేర్చండి. లక్షకు 88 రూపాయలంటే ఏ కమిటీకీ కాదనడానికి మొహం చెల్లదు. కాదంటే, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా అడగండి.